టీసీ చేతికిస్తే రీల్ ఆగదు

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో హెచ్‌ఎంని. గత ఆదివారం మా తొమ్మిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు కలిసి ఇంటి దగ్గర ఒక రీల్ చేశారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె నడకనూ మాటనూ వెక్కిరిస్తూ, కులం పేరుతో పిలుస్తూ తీశారు. చివర్లో మా వార్షికోత్సవం గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించిన ఆమె ముఖం పెట్టారు. దొంగ పేరున్న ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పోస్ట్ చేస్తే, సోమవారం పొద్దున్నకల్లా పిల్లల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేసింది. మా స్టాఫ్ గ్రూపులోకీ వచ్చింది. అమ్మాయి ఎస్సీ, అబ్బాయిలు కారు. అప్పటినుంచి ఆ పిల్ల బడికి రావడం లేదు. ముగ్గురికీ టీసీ ఇచ్చి పంపేయమని కమిటీ చైర్మన్ గారు పట్టుబడుతున్నారు. ఆదివారం ఇంట్లో చేసినదానికి బడికేం సంబంధమని అబ్బాయిల తండ్రులు అడుగుతున్నారు. అమ్మాయి వాళ్ల నాన్న స్టేషన్‌కి వెళ్తానంటున్నారు, ఊరి పెద్దలేమో రాజీ చేద్దామంటున్నారు. ఒక విలేకరి రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ముందుగా ఏం చేయాలి?

సమాధానం:

మేడమ్ గారూ,

మీ ఉత్తరంలో టీసీ గురించి ఉంది, పోలీసుల గురించి ఉంది, విలేకరి గురించీ ఉంది. ఆ వీడియో ఇప్పటికీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉందా, తీసేశారా అన్నది మాత్రం లేదు. మొదలుపెట్టాల్సింది అక్కడే. ఇలాంటివి జరిగినప్పుడు చాలా బడులు శిక్షతో మొదలుపెడతాయి. ఎవరిని పంపేయాలి, ఎవరిని ఎన్ని రోజులు బయట కూర్చోబెట్టాలి అని మీటింగుల మీద మీటింగులు నడుస్తాయి. అవి నడిచినంత సేపూ వీడియో తిరుగుతూనే ఉంటుంది, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. మీరు ఆ వరసను తిరగేయండి. సాక్ష్యం భద్రపరచడం, వీడియో దింపించడం, అమ్మాయిని కలవడం, ఈ మూడూ ఈరోజే అయిపోవాలి. విచారణకూ శిక్షకూ వారం పట్టినా నష్టం లేదు.

దింపించే ముందు భద్రపరచమనడానికి కారణం ఉంది. అబ్బాయిలు భయపడి డిలీట్ చేసేసి, రేపు "మేం అలాంటిదేమీ పెట్టలేదు" అంటే మీ దగ్గరా ఏమీ ఉండదు, స్టేషన్‌కి వెళ్లాలనుకున్న తండ్రి దగ్గరా ఏమీ ఉండదు. ఈ పని ఒక్కరే చేయాలి, మీరు గానీ మీరు నమ్మే ఒక టీచరు గానీ. రీల్ దగ్గర షేర్ గుర్తు నొక్కి లింక్ కాపీ చేసి, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. ఖాతాకు పైన కనిపించే పేరు కాదు, యూజర్‌నేమ్ రాయండి. పైపేరు ఎంతమందికైనా ఒకటే ఉండొచ్చు, యూజర్‌నేమ్ ఒక్కరికే ఉంటుంది. తేదీ, సమయం, అప్పటికి వచ్చిన వ్యూస్, కామెంట్లు కూడా రాయండి. ఆ తర్వాత ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, ముందు ప్రొఫైల్ పేజీ, తర్వాత రీల్ మొత్తం, చివర కామెంట్లు కనిపించేలా ఆపకుండా ఒకే రికార్డింగ్ తీయండి. దాన్ని వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. పంపితే ఫైలు నాణ్యత పడిపోతుంది, పైగా మీరూ షేర్ చేసినవాళ్ల లెక్కలోకి వస్తారు. కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కవర్లో పెట్టి అంటించి, అంటించిన చోట మీరూ ఇంకో టీచరూ సంతకం చేసి బీరువాలో పెట్టండి. తీసిన ఫోన్‌లోని అసలు ఫైలు అలాగే ఉంచండి. కేసు దాకా వెళ్తే ఈ రికార్డింగ్‌కి భారతీయ సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 63 కింద ధ్రువపత్రం అడుగుతారు. తీసింది ఒక్కరే అయితే ఆ సంతకం ఎవరిది అన్న గొడవే రాదు.

ఇక్కడొక హెచ్చరిక. మీరు రాసినదాన్ని బట్టి ఈ వీడియోలో నగ్నత్వం లేదు. ఉంటే పైన చెప్పినదేదీ చేయకూడదు. పిల్లల నగ్న చిత్రాలను రికార్డు చేయడం, ఫోన్‌లో ఉంచుకోవడం కూడా పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే చట్టం), ఐటీ చట్టాల కింద నేరమే. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. అలాంటప్పుడు లింక్, యూజర్‌నేమ్ మాత్రమే కాగితం మీద రాసుకుని నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లాలి. అబ్బాయిలు మార్ఫింగ్ యాప్‌తో చేసిన బొమ్మ అయినా సరే.

ఇక దింపించడం. ఆ ఖాతా ఏ అబ్బాయి ఫోన్‌లో లాగిన్ అయి ఉందో, వాడి తండ్రినో తల్లినో పక్కన కూర్చోబెట్టుకుని వాడి చేతనే డిలీట్ చేయించడం అన్నిటికంటే వేగమైన దారి. ఒకసారి డిలీట్ నొక్కితే అయిపోయిందనుకోవద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో తీసేసిన రీల్ 'రీసెంట్లీ డిలీటెడ్' అన్న చోట 30 రోజులు ఉంటుంది, అక్కడినుంచి మళ్లీ బయటికి తేవచ్చు. అక్కడా తీయించండి. తర్వాత ఫోన్ గ్యాలరీ, గ్యాలరీలోని చెత్తబుట్ట, వీడియో ఎడిటింగ్ యాప్‌లోని డ్రాఫ్ట్. ఫోన్ మాత్రం మీరు గానీ మీ టీచర్లు గానీ చేతిలోకి తీసుకుని గ్యాలరీ తిప్పొద్దు. చాలాసార్లు అది తల్లి ఫోనో అక్క ఫోనో అయి ఉంటుంది, అందులో మీరు చూడకూడనివి ఉంటాయి. వాళ్ల ఫోన్, వాళ్ల వేలు, మీరు పక్కనుంచి చెప్పడం వరకే.

వాట్సాప్‌లో పంపినవాళ్లు 'అందరికీ డిలీట్' చేసుకోవడానికి సుమారు రెండు రోజుల గడువే ఉంటుంది. 2022 నుంచి గ్రూప్ అడ్మిన్‌కి కూడా ఇతరులు పెట్టింది తీసేసే వీలుంది. కాబట్టి ముందుగా ఏయే గ్రూపుల్లో పడిందో ఒక చిట్టా రాసి, ఆ అడ్మిన్లకు విడివిడిగా ఫోన్ చేయండి. గడువు దాటిన చోట ఎవరి ఫోన్లో వాళ్లే తీసుకోవాలి, తల్లిదండ్రులు పక్కనుండి తీయించాలి.

ఆ ఖాతా మాది కాదని ముగ్గురూ మొండికేస్తే రిపోర్ట్ చేయడమే. రీల్ మీది మూడు చుక్కలు నొక్కి, రిపోర్ట్‌లోకి వెళ్లి, వేధింపు అన్న కారణం ఎంచుకోవాలి. అమ్మాయి గానీ వాళ్ల ఇంట్లోవాళ్లు గానీ చేస్తే మేలు, ఎవరిని వేధించారో అక్కడ చెప్పొచ్చు. వందమంది రిపోర్ట్ కొడితే త్వరగా పోతుందన్నది అపోహ. ఇన్‌స్టాగ్రామ్ సంఖ్య చూసి తీయదు, నియమం తప్పిందా లేదా అని చూస్తుంది. పైగా "అందరూ రిపోర్ట్ చేయండి" అని లింక్ పంచితే, అప్పటిదాకా చూడనివాళ్లు కూడా చూస్తారు. మంచి మనసున్న టీచర్లే ఈ పొరపాటు చేస్తుంటారు. తీయకపోతే 2021 ఐటీ నిబంధనల కింద ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయొచ్చు, అక్కడా పని కాకపోతే కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లో అప్పీలు చేయొచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది. అందరూ చెప్పే 1930 నంబరు ప్రధానంగా డబ్బు మోసాల కోసం పెట్టింది. పిల్లల విషయానికి 1098, అత్యవసరమైతే 112.

ఎనిమిదో తరగతి అబ్బాయికి 13 ఏళ్లు నిండాయో లేదో చూడండి. నిండకపోతే వాడికి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉండటమే ఆ కంపెనీ నియమాలకు విరుద్ధం, ఆ కారణంతోనే ఖాతాను మూయించవచ్చు.

అమ్మాయి దగ్గరికి మీరే వెళ్లండి. కబురు పంపి తల్లిదండ్రులను ఆఫీసుకు పిలిపించవద్దు. తప్పు చేసినవాళ్లను పిలిపించినట్టే వాళ్లనూ పిలిపిస్తే వాళ్లకు ఏమనిపిస్తుందో ఆలోచించండి. ఆ పిల్లకు చనువున్న ఒక టీచరమ్మను తోడు తీసుకుని, సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి. కమిటీ సభ్యులు, ఊరి పెద్దలు వెంట వద్దు. వీడియో మళ్లీ చూపించొద్దు, అందులో ఏముందో ఆమె చేత చెప్పించొద్దు. "నువ్వు వాళ్లతో ఏమైనా గొడవపడ్డావా" అన్న ప్రశ్న అసలు రాకూడదు, ఎంత ప్రేమగా అడిగినా అది నేరాన్ని ఆమె మీదికి తిప్పుతుంది. నాలుగు మాటలు చాలు: "నీ తప్పేమీ లేదు. వీడియో దింపించాం. నువ్వు రాని రోజుల పాఠాలు మేం చెప్తాం. బడికి రావడానికి నీకేం కావాలో చెప్పు." ఆ చివరి మాటకు ఆమె చెప్పే జవాబు రాసుకోండి. వాడి ముందు బెంచీలో కూర్చోననొచ్చు, మధ్యాహ్న భోజనం లైన్లో నిలబడలేనంటుందేమో, ఆటోలో ఫలానావాళ్లు ఉంటారనొచ్చు. చాలాసార్లు పిల్లలు బడికి రాకుండా ఆపేది ఇలాంటి ఒక్క చోటే. అది సరిచేయడం మీ చేతిలోనే ఉంటుంది.

సెక్షన్ మార్చాల్సి వస్తే, బెంచీ మార్చాల్సి వస్తే, అబ్బాయిలదే మార్చాలి. ఆమెను కదిలించొద్దు. వాళ్ల నాన్న ఆవేశంలో "మా అమ్మాయికే టీసీ ఇచ్చేయండి" అని అడిగే అవకాశం ఉంది. వెంటనే రాసివ్వకండి. రెండు వారాలు ఆగమని బతిమాలండి. వీడియో పెట్టినవాళ్లు బడిలో ఉండి, అవమానపడిన పిల్ల ఊరు మారిపోవడం ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగే ముగింపు. అన్నిటికంటే అన్యాయమైనదీ అదే. మొదటి రెండు వారాలు ఆ టీచరమ్మ రోజూ ఒక నిమిషం ఆమెతో మాట్లాడాలి, ఆ తర్వాత వారానికోసారి. తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఆమె తల్లితోనే ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు. అలాంటి మాట వచ్చిన రోజు పిల్లను ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆసుపత్రికి తీసుకెళ్లే ఏర్పాటు కూడా చూడండి.

ఇప్పుడు తండ్రుల ప్రశ్న: ఆదివారం, ఇంట్లో, బడికేం సంబంధం? సంబంధం ఉంది. తీసింది ఇంట్లోనే కావచ్చు, గాయపడింది మీ తొమ్మిదో తరగతిలో. వాడిన ఫొటో బడి ఫొటో. తిరిగింది బడి పిల్లల గ్రూపుల్లో. ఒక పిల్ల చదువు ఆగిపోయింది. మీకు అధికారం వచ్చేది వీడియో తీసిన చోటు నుంచి కాదు, ఆ పిల్లకు బడిలో భద్రత కల్పించాల్సిన బాధ్యత నుంచి. ఇదే ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెన్సిల్వేనియాలో ఒక చీర్‌లీడర్ అమ్మాయి 2017లో వారాంతంలో, బడి బయట, తన బడినీ జట్టునూ తిడుతూ స్నాప్‌చాట్‌లో పెట్టింది. బడి ఆమెను ఏడాదిపాటు జట్టు నుంచి తప్పించింది. 2021 జూన్‌లో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఆమె పక్షాన, ఒకరు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అయితే అదే తీర్పులో, ఒక ప్రత్యేక వ్యక్తిని గురిపెట్టి తీవ్రంగా వేధిస్తే బడి బయట చేసినా బడి పట్టించుకోవచ్చని కూడా అన్నారు. ఆ తీర్పు మనకు వర్తించదు గానీ, అందులో గీసిన గీత మనకూ పనికొస్తుంది. బడిని తిట్టడం వేరు, తోటి పిల్లను వేధించడం వేరు.

ఆ గీత మీరు రెండువైపులా పాటించాలి. రేపు ఎవరో పిల్లలు మధ్యాహ్న భోజనంలో పురుగులున్నాయనో, బాత్రూముల్లో నీళ్లు రావడం లేదనో వీడియో పెడితే, ఈసారి వాడిన పద్ధతినే వాళ్ల మీద వాడకూడదు. అది ఫిర్యాదు. బడి పరువు పోయిందని పిల్లలను శిక్షించే చోట, నిజంగా వేధింపు జరిగినప్పుడు పిల్లలెవరూ వచ్చి చెప్పరు.

విచారణకు పెద్ద కమిటీ వద్దు, ముగ్గురు చాలు. మీరు, ఒక మహిళా టీచరు, రెండు పక్షాలతోనూ చుట్టరికం లేని ఒక తల్లి లేదా తండ్రి. ఈ ముగ్గురిలో కనీసం ఒకరు ఎస్సీ అయి ఉండటం మంచిది. కులం పేరుతో జరిగిన అవమానాన్ని "సరదాకే కదా" అని కొట్టిపారేసే ప్రమాదం అప్పుడు తగ్గుతుంది. ముగ్గురు అబ్బాయిలనూ విడివిడిగా, తల్లిదండ్రుల్లో ఒకరి ఎదుట అడగండి. కలిపి కూర్చోబెడితే ముగ్గురూ ఒకే కథ చెప్తారు, ఎనిమిదో తరగతివాడు పెద్దవాళ్ల వైపు చూసి మాట్లాడతాడు. ఆలోచన ఎవరిది, నటించిందెవరు, ఫోన్ పట్టుకుందెవరు, ఫొటో కత్తిరించిందెవరు, పోస్ట్ చేసిందెవరు, మొదట వాట్సాప్‌లో పంపిందెవరు, అన్నీ వేరువేరుగా తేలాలి. వాళ్ల మాటల్లో వాళ్లే రాయాలి, మీరు చెప్తే రాయించొద్దు. తెల్లకాగితం మీద సంతకాలు తీసుకునే అలవాటు కొన్ని బడుల్లో ఉంది. అది ఏ విచారణలోనూ నిలబడదు, మీ మీదికే తిరుగుతుంది.

తేలేదాకా ఎవరి పేరూ స్టాఫ్‌రూమ్ దాటకూడదు. 2020 మేలో ఢిల్లీలో, అమ్మాయిల ఫొటోలు పెట్టి అసభ్యంగా మాట్లాడుకున్న స్కూలు పిల్లల ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు 'బాయిస్ లాకర్ రూమ్' బయటపడ్డప్పుడు దేశమంతా ఒక స్నాప్‌చాట్ స్క్రీన్‌షాట్ తిరిగింది. ఆ సంభాషణకూ ఆ గ్రూపుకూ సంబంధమే లేదని, అందులో అబ్బాయి పేరుతో మాట్లాడింది ఒక అమ్మాయేనని పోలీసులు తర్వాత తేల్చారు. ఈలోపు ఎవరెవరినో జనం అనేశారు. మీ దగ్గర కూడా దొంగ ఖాతా ఉంది కాబట్టి, మూడో అబ్బాయి నిజంగా ఉన్నాడా, కేవలం వాళ్ల స్నేహితుడు కావడంతో పేరు కలిసిందా అన్నది జాగ్రత్తగా చూడండి.

చైర్మన్ గారి టీసీ మాటకు వద్దాం. ఎనిమిదో తరగతి అబ్బాయి విషయంలో అది కుదరదు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 16 ప్రకారం ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేయడానికి వీలిచ్చారు గానీ, తీసేయకూడదన్న నియమం అలాగే ఉంది. తొమ్మిదో తరగతివాళ్లకు ఆ రక్షణ లేదు. అయినా ముగ్గురు కలిసి చేసినదానికి ఇద్దరిని పంపి ఒకరిని ఉంచితే ఆ నిర్ణయాన్ని ఎవరి ముందు సమర్థించుకుంటారు? "తండ్రే స్వయంగా అడిగి టీసీ తీసుకున్నట్టు" రాయించడం కొందరు చెప్పే ఉపాయం. దయచేసి ఆ పని చేయకండి.

చట్టం పక్కన పెట్టినా టీసీ పని చేయదు. వాడు పక్క మండలంలో చేరతాడు, ఫోన్ వాడి దగ్గరే ఉంటుంది, వీడియో కాపీ ఎక్కడో ఉంటుంది, ఇప్పుడు వాడి మీద మీకు ఏ పట్టూ ఉండదు. ఊళ్లో మాత్రం "ఆ పిల్ల వల్ల ముగ్గురి చదువు పోయింది" అన్న మాట పుడుతుంది. ఆ మాట ఆ కుటుంబం మీద రీల్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. చైర్మన్ గారికి ఈ ఒక్క విషయం నెమ్మదిగా చెప్పి చూడండి. టీసీ ఇవ్వమనేవాళ్లలో చాలామంది ఆ పిల్ల మీద జాలితోనే అంటారు.

మరి శిక్ష ఏమిటి? పాత్రను బట్టి ఉండాలి. ఆలోచన చేసి పోస్ట్ చేసినవాడికి మూడు నుంచి ఐదు రోజులు క్లాసులో కాకుండా లైబ్రరీలోనో ఆఫీసు పక్క గదిలోనో ఒక టీచర్ ఎదుట కూర్చోబెట్టి అవే పాఠాలు చదివించండి. ఇంటికి పంపొద్దు, ఇంట్లో ఫోనే ఉంటుంది. ఆ ఏడాదికి క్లాస్ లీడరు, ఆటల జట్టు, వేదిక మీద కార్యక్రమాలు ఉండవు. ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో, ఏ సమయంలో ఉంటుందో తండ్రి రాసివ్వాలి. ఫోన్ పట్టుకున్నవాడికి అంతకంటే తక్కువ. గ్రూపుల్లో పంపినవాళ్లు ఇరవై మంది ఉన్నా సరే, ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ వెళ్లాలి. మనల్ని ఎవరూ అడగరులే అనుకునేది వాళ్లే. క్షమాపణ ఉత్తరం రాయించండి, కానీ దాన్ని మీ దగ్గరే ఉంచి, చదవాలో వద్దో అమ్మాయిని నిర్ణయించుకోనివ్వండి. ఆమెను నిలబెట్టి అందరి ముందు సారీ చెప్పిస్తే, "పర్లేదు" అనక తప్పని స్థితిలో ఆమెను పెట్టినట్టే.

చేయకూడనివి కూడా ఉన్నాయి. కొట్టడం, ఎండలో నిలబెట్టడం, ప్రార్థనలో మోకాళ్ల మీద కూర్చోబెట్టడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 నిషేధించింది. మధ్యాహ్న భోజనం ఆపకూడదు. బాత్రూములు కడిగించడం శిక్షగా అసలు వద్దు. కులం పేరుతో ఒకరిని అవమానించారని, పాకీ పనిని అవమానంగా చూపించి సరిదిద్దితే పిల్లలు నేర్చుకునేది ఏమిటి? అబ్బాయిల క్షమాపణను వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం ఈ మధ్య మొదలైంది. అదీ ఒక పిల్లవాడిని అవమానించే వీడియోనే, పైగా చట్టవిరుద్ధం.

పోలీసుల సంగతి. అమ్మాయి నాన్న వెళ్తానంటే ఆపకండి, మీ టీచర్లను ఆపనివ్వకండి. రాజీ చేయడం మీ పని కాదు, మీ ఆఫీసు గదిలో జరగనివ్వొద్దు కూడా. నలుగురూ చూసేలా కులం పేరుతో అవమానించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కిందికి వస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టినది కూడా నలుగురూ చూసేదేనని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. రీల్‌లో లైంగికమైన సైగలు, మాటలు ఉంటే విషయం ఇంకా మారుతుంది. అప్పుడు పోక్సో సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు ఉంది. దానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు, తండ్రి అనుమతీ అక్కర్లేదు. అందుకే భద్రపరిచిన రికార్డింగ్‌ను మీరూ ఆ మహిళా టీచరూ ఈ దృష్టితో ఒక్కసారి పూర్తిగా చూడండి.

రాజీ కోసం వచ్చేవాళ్లు వాడే ఆయుధం ఒకటే: "కేసు పెడితే ముగ్గురి జీవితాలు పాడైపోతాయి." అది నిజం కాదు, ఇది రెండు పక్షాలకూ చెప్పండి. 18 ఏళ్లలోపు వాళ్ల విషయం బాలల న్యాయ మండలికి వెళ్తుంది, మామూలు కోర్టుకు కాదు. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. బేడీలు, లాకప్ ఉండకూడదు. 2016 నాటి కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం ఏడేళ్లు, ఆపైన కనీస శిక్ష ఉన్న నేరాలకో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరాలకో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కాకుండా జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ పుస్తకంలో) రాసుకుని, సామాజిక నేపథ్య నివేదికతో మండలికి పంపాలి. తప్పు రుజువైనా ఈ వయసు పిల్లలకు ముందుముందు చదువుకో ఉద్యోగానికో అనర్హత రాదని బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 24 చెబుతోంది. మండలి చేసేది చాలావరకు కౌన్సెలింగ్, పర్యవేక్షణ. నిజానికి ఇది ఆ అబ్బాయిలకూ అవసరమే.

మీరు మాత్రం జరిగింది జరిగినట్టు ఒక పేజీలో, తేదీలు, సమయాలతో రాసి ఎంఈఓ గారికీ డీఈఓ గారికీ పంపి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎవరి పక్షమూ వహించకుండా, "ఏ సమయానికి తెలిసింది, ఏం చేశాం" అన్నంత వరకే.

విలేకరికి ఒక్కటే జవాబు, ఎన్నిసార్లు అడిగినా అదే: "పిల్లల భద్రతకు కావాల్సిన చర్యలు తీసుకున్నాం, విచారణ జరుగుతోంది. పిల్లల పేర్లు, బడి పేరు, గుర్తుపట్టే వివరాలు ప్రచురించడం బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 కింద నేరం." దానికి ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఆ సెక్షన్ మీ స్టాఫ్‌కూ వర్తిస్తుంది. మీ స్టాఫ్ గ్రూపులో వీడియో పెట్టినవాళ్ల చేత వెంటనే తీయించి, రాతపూర్వకంగా వివరణ అడగండి. పిల్లలకు ఒక నియమం, టీచర్లకు ఒకటి అయితే మీ విచారణకు విలువుండదు.

తల్లిదండ్రుల గ్రూపుకు పంపాల్సిన మెసేజ్ ఇలా ఉంటే చాలు: "మన బడి పిల్లల్లో ఒకరిని కించపరిచే వీడియో ఒకటి కొన్ని గ్రూపుల్లో తిరిగింది. మీ ఫోన్లోనో మీ పిల్లల ఫోన్లోనో ఉంటే ఈరోజే తీసేయండి, గ్యాలరీలో కూడా చూడండి. ఎవరికీ పంపొద్దు. ఆ పిల్లల పేర్లు ఎక్కడా చర్చించొద్దు. ఏమైనా చెప్పాలనుకుంటే నాకు నేరుగా ఫోన్ చేయండి. - ప్రధానోపాధ్యాయురాలు." ఎవరు, ఏ తరగతి, ఏం జరిగింది అన్నవి ఒక్క ముక్క కూడా వద్దు, చూడనివాళ్లు వెతుక్కుంటారు. దీని కింద ఎవరూ జవాబులు రాయకుండా, గ్రూపును రెండు రోజులు అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి.

ఆ ఫొటో బడిదే కదా. వార్షికోత్సవం ఫొటోలు బడి ఫేస్‌బుక్ పేజీలో ఉంటే, పిల్లల ముఖాలు దగ్గరగా, స్పష్టంగా కనిపించేవాటిని తీసేయండి. ఇకపై దూరం నుంచి తీసినవి, తక్కువ సైజులో పెట్టండి, పేర్లు రాయకండి. ఎంత స్పష్టమైన ఫొటో దొరికితే మార్ఫింగ్ అంత సులువు.

అబ్బాయిలు మళ్లీ క్లాసులోకి వచ్చే రోజు అమ్మాయికి ఒక రోజు ముందే తెలియాలి. ఆ ఉదయం మొదటి పీరియడ్ మీరే తీసుకోండి. ఆ వారమంతా ఇంటర్వెల్‌లో, భోజనం దగ్గర, బడి వదిలాక గేటు దగ్గర ఒక టీచర్ నిలబడాలి. వెకిలి మాటలు వచ్చేది క్లాసులో కాదు, ఆ మూడు చోట్లే. ఆమెను పలకరించే నెపంతో రీల్‌లోని మాటను ఎవరైనా అంటే, సరదాకన్నా సరే, అదే రోజు వాళ్ల ఇంటికి ఫోన్ వెళ్లాలి. నెల తర్వాత ఒకసారి ఆ ఖాతా పేరుతో, అమ్మాయి పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లోనూ యూట్యూబ్‌లోనూ వెతికి చూడండి. ఎవరో ఒకరు మళ్లీ ఎక్కించి ఉంటే, మీ దగ్గర రాసిపెట్టుకున్న పాత లింక్, తేదీ చూపించి అదే రిపోర్ట్ మళ్లీ చేయాలి. అందుకే ఆ కవరూ ఆ ఫైలూ కనీసం ఆ అమ్మాయి పదో తరగతి పూర్తిచేసి వెళ్లేదాకా బీరువాలో ఉండనివ్వండి. మీకు బదిలీ అయితే వచ్చే హెచ్‌ఎం గారికి సంతకం పెట్టించుకుని అప్పగించండి.